ఇంజెక్షన్ బావుల బిల్లు, హేచరీల బిల్లు: ఒహాయోలో బోరు నీళ్లు తాగే ఇంటికి వీటితో పనేంటి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మారియెట్టా దగ్గర ఐదెకరాల జాగాతో ఇల్లు కొన్నాం. ఊరి నీళ్ల లైను లేదు, బోరే ఆధారం. రాష్ట్ర శాసనసభ కమిటీ ముందుకు వ్యర్థాల ఇంజెక్షన్ బావుల మీద ఒక బిల్లు, చేపల హేచరీల మీద ఒక బిల్లు వచ్చాయని పక్కింటాయన చెప్పాడు. అవి మాకు ఎంతవరకు తగులుతాయి? నేను ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాను, కమిటీ ముందు మాట్లాడొచ్చా? బోరు గురించి టెన్షన్‌గా ఉంది."

ముందు నా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో తెలియడం ముఖ్యం. నాది భూగర్భ జలాల పని. ఒహాయో, మిషిగన్‌లలో చాలా ఏళ్లుగా కన్సల్టెంట్‌గా కంపెనీల తరఫునా, ఊళ్ల తరఫునా నివేదికలు రాశాను. ద్రవ వ్యర్థాలను భూమి లోతుల్లోకి పంపే ఈ ఇంజెక్షన్ బావులన్నీ మూసెయ్యాలని నేను అనను. వాటి మీద ఇప్పుడున్న నిఘా సరిపోతుందనీ అనను.

బిల్లు నంబర్లు మీరు రాయలేదు. పర్లేదు. ఈ రకం బిల్లులు ప్రతి సభలోనూ వస్తాయి, చాలామటుకు చస్తాయి, మళ్లీ కొత్త నంబరుతో వస్తాయి. వాటిని ఎలా చదవాలో తెలిస్తే ఏ నంబరైనా ఒకటే. రెండూ ఒకే కమిటీకి రావడంలో వింతేమీ లేదు. ఒహాయోలో చమురు, గ్యాస్ బావులను చూసే విభాగమూ, చేపలనూ వేటనూ చూసే విభాగమూ రెండూ సహజ వనరుల శాఖ కిందే ఉన్నాయి. బావికి పర్మిట్ ఇచ్చేదీ ఆ శాఖే, చేప పిల్లలను పుట్టించి పెంచే హేచరీ నడిపేదీ ఆ శాఖే.

మన దగ్గర నుంచి వచ్చినవాళ్లకు "వ్యర్థాలను బోరులోకి పంపడం" అనగానే పటాన్‌చెరు, బొల్లారం వైపు వినే ఆరోపణలు గుర్తొస్తాయి. రాత్రిపూట ఫ్యాక్టరీ మురుగును పాత బోర్లలోకి వదలడం. అది చట్టవిరుద్ధం. 1974 నీటి కాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షన్ వాగులోకైనా బావిలోకైనా కాలుష్యాన్ని వదలడాన్ని నిషేధించింది. అమెరికాలో అదే 1974లో వచ్చిన తాగునీటి రక్షణ చట్టం వేరే దారి పట్టింది. భూమిలోకి పంపడాన్ని పూర్తిగా కాదనకుండా, ఏ లోతుకు, ఏ రాతి పొరలోకి, ఏ షరతుల మీద పంపాలో రాసి లైసెన్సు పద్ధతి పెట్టింది. కాబట్టి మీరు వింటున్న బావి చాటుమాటు వ్యవహారం కాదు. దానికి ఫైలుంటుంది, పటం ఉంటుంది, నెలనెలా ఎన్ని బ్యారెళ్లు పంపారో లెక్క ఉంటుంది. ఆ ఫైలు మీరు అడిగి చూడొచ్చు, చూడాలి కూడా.

ఈ బావులను ఆరు తరగతులుగా విభజించారు. మీకు కావలసినవి మూడే. ఒకటో తరగతివి ఫ్యాక్టరీల ప్రమాదకర వ్యర్థాలను చాలా లోతుకు పంపేవి. వీటిని ఒహాయోలో రాష్ట్ర పర్యావరణ సంస్థ చూస్తుంది. ప్రమాదకర వ్యర్థాల బావికి అనుమతి కావాలంటే పంపిన ద్రవం పదివేల ఏళ్లపాటు ఆ పొర దాటదని లెక్కలతో చూపించాలి. రెండో తరగతివి చమురు, గ్యాస్ బావుల నుంచి వచ్చే ఉప్పునీటివి. ఒహాయోకు 1983 నుంచి వీటి మీద సొంత అధికారం ఉంది, సహజ వనరుల శాఖ చూస్తుంది. మారియెట్టా ఉన్న వాషింగ్టన్ కౌంటీలో గొడవంతా వీటి మీదే. ఐదో తరగతిలోకి మిగతావన్నీ వస్తాయి, ఎక్కువగా లోతు తక్కువవి.

ఉప్పునీళ్లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లవణాలుంటే, మార్సెల్లస్, యూటికా అనే గ్యాస్ ఉన్న రాతి పొరల నుంచి పైకొచ్చే నీళ్లలో 200 గ్రాములు దాటడం మామూలే. బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, రేడియం కూడా ఉంటాయి. అయినా సమాఖ్య చట్టం లెక్కలో ఇది "ప్రమాదకర వ్యర్థం" కాదు. చమురు తవ్వకాల వ్యర్థాలకు 1980లోనే కాంగ్రెస్ మినహాయింపు ఇచ్చింది, 1988లో సమాఖ్య పర్యావరణ సంస్థ దాన్ని ఖాయం చేసింది. అందుకే ఆ పదివేల ఏళ్ల పరీక్ష రెండో తరగతి బావికి లేదు. ఎవరైనా సభ్యుడు మైకు ముందు "ఇది ప్రమాదకర వ్యర్థం కాదు" అంటే అతను అబద్ధం చెప్పడం లేదు, కాకపోతే చట్టం భాషలో మాట్లాడుతున్నాడు. ఆ మాటకు నీటి పరీక్షతో సంబంధం లేదు.

ఇప్పుడు అసలు విషయం. జనం భయపడేది కొత్త బావి గొట్టం పగులుతుందేమోనని. అది జరగదని కాదు, కానీ అక్కడ కాపలా బాగానే ఉంది. పైన తాగునీటి పొరలకు అడ్డంగా ఉక్కు కేసింగ్, చుట్టూ సిమెంటు, లోపల ఇంకో కేసింగ్, దాని లోపల ద్రవం దిగే సన్నని గొట్టం. గొట్టానికీ కేసింగ్‌కీ మధ్య ఖాళీని అడుగున ప్యాకర్ అనే బిరడాతో బిగిస్తారు. ఆ ఖాళీలో పీడనం పెట్టి గేజి ముల్లు పడిపోతుందా నిలబడుతుందా చూస్తారు, కనీసం ఐదేళ్లకోసారి. ముల్లు పడిందంటే ఎక్కడో కారుతున్నట్టు. నా అనుభవంలో ఈ పరీక్ష తప్పిన బావి దొరికిపోతుంది. దొరకనిది వేరే ఉంది. బావి గొట్టం భేషుగ్గా ఉండి, లోపలికి పంపిన నీళ్లు రాతి పొరలో పక్కకు పాకి, ఎవరో ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత బావిని పట్టుకుని పైకి రావడం.

మీరుండే ప్రాంతంలో పాత బావులకు కొదవ లేదు. మీకు ఉత్తరాన నోబుల్ కౌంటీలో కాల్డ్‌వెల్ దగ్గర 1814లో ఇద్దరు ఉప్పు కోసం బావి తవ్వితే చమురు వచ్చింది. ఉప్పునీళ్లు కావాలనుకున్న చోట చమురొచ్చి విసిగించింది, ఇప్పుడు చమురూ గ్యాసూ తీసుకుని ఉప్పునీళ్లను వెనక్కి పంపుతున్నాం. 1860 నుంచి వాషింగ్టన్ కౌంటీ మాక్స్‌బర్గ్ చుట్టుపక్కల తవ్వకాలు జోరందుకున్నాయి. పటంలో లేని, సిమెంటు వెయ్యని, కేసింగ్ ఊడబెరికి అమ్ముకున్న బావులు ఆ కొండల్లో ఎన్నున్నాయో శాఖ దగ్గరే పూర్తి లెక్క లేదు.

దీనికి ఉదాహరణ మీ కౌంటీలోనే ఉంది. రెడ్‌బర్డ్ నంబర్ 4 అనే ఇంజెక్షన్ బావి నుంచి వెళ్లిన ఉప్పునీళ్లు మైళ్ల దూరంలోని గ్యాస్ బావుల్లో తేలాయని 2020లో శాఖ విచారణే తేల్చింది. కొన్ని సుమారు ఐదు మైళ్ల అవతల ఉన్నాయి. పర్మిట్ ఇచ్చేటప్పుడు చుట్టూ ఎంత దూరం వరకు పాత బావులను వెతకాలన్న నిబంధన అప్పట్లో పావు మైలు, అర మైలు లెక్కల్లో ఉండేది. నీళ్లు ఐదు మైళ్లు వెళ్తే, వెతుకులాట అర మైలు దగ్గర ఆగింది. తర్వాత 2023లో పొరుగున ఏథెన్స్ కౌంటీలో ఇదే కారణం మీద శాఖ కొన్ని బావుల పని ఆపించింది. మధ్యలో 2021 జనవరిలో నోబుల్ కౌంటీలో వాడకంలో లేని బావి ఒకటి రోజుల తరబడి ఉప్పునీళ్లు కక్కింది, పక్క వాగులో చేపలు చచ్చాయి.

ఇవి గ్యాస్ బావుల్లో, వాగులో తేలిన సంఘటనలు. మీ ఇంటి బోరులోకి వచ్చాయని నేను చెప్పడం లేదు. కానీ కమిటీ ముందుకొచ్చిన బిల్లులో నేను మొట్టమొదట వెతికేది ఇందుకే ఆ దూరం. చుట్టూ ఎంతవరకు పాత బావులను వెతకమంటోంది, దొరికితే మూయించే ఖర్చు ఎవరిదంటోంది, ఆ చుట్టుపక్కల పీడనం కొలిచే పరిశీలన బావి పెట్టమంటోందా లేదా. ఈ మూడూ లేని బిల్లు ఎంత కఠినంగా కనిపించినా మీ బోరుకు ఒరగబెట్టేదేమీ ఉండదు. ఇళ్లకు ఇన్ని వందల అడుగుల దూరం ఉండాలి అనే నిబంధన మీద కమిటీల్లో గంటలు వాదిస్తారు. అది లారీల రొదకు, వాసనకు పనికొస్తుంది. వేల అడుగుల కింద పాకే నీళ్లకు ఇంటి గుమ్మం ఎంత దూరముందో అనవసరం.

భూకంపాల మాట కూడా వినిపిస్తుంది కాబట్టి ఒక ముక్క. యంగ్స్‌టౌన్‌లో నార్త్‌స్టార్ 1 బావి 2010 డిసెంబర్‌లో మొదలైంది, 2011 మార్చిలో మొదటి ప్రకంపన, ఆ ఏడాది డిసెంబర్ 31న 4.0 తీవ్రత. బావి అడుగున ఉన్న ప్రాచీన స్ఫటిక శిల దాకా తవ్వారు, అక్కడ ఎవరికీ తెలియని పగులు ఉంది. ఆ తర్వాత ఆ శిలలోకి తవ్వడాన్ని ఆపారు, ప్రకంపనల కొలతలు అడిగే అధికారం శాఖకు ఇచ్చారు. అంతకు చాలా ముందే, 1987లో, ఆష్టబ్యూలాలో ఒకటో తరగతి బావి దగ్గరా ఇదే జరిగింది. వాషింగ్టన్ కౌంటీలో ఎక్కువ బావులు లోతు తక్కువ పొరల్లోకి వెళ్తాయి. అక్కడ నాకు భూకంపం కన్నా పాత బావులే పెద్ద బెంగ.

మరి అన్నీ మూసేస్తే? అలాంటి బిల్లులూ వస్తుంటాయి, నెగ్గవు. నెగ్గినా ఆ నీళ్లు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఉంటుంది. 2013 జనవరి 31 రాత్రి యంగ్స్‌టౌన్‌లో ఒక కంపెనీ యజమాని చెప్పగా పనివాడు తవ్వకాల వ్యర్థాన్ని వాననీటి కాలువలో వదిలాడు, అది మహోనింగ్ నదికి చేరే కాలువ. యజమానికి 28 నెలల జైలు పడింది. బావి ఖరీదైనప్పుడల్లా ఇలాంటి ఆశ పుడుతుంది. కొత్త గ్యాస్ బావులకు అదే నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడటం జరుగుతోంది, కానీ తవ్వకం తగ్గితే వాడకమూ తగ్గుతుంది, పాత బావుల నుంచి నీళ్లు మాత్రం వస్తూనే ఉంటాయి. బయటి రాష్ట్రాల ట్యాంకర్లను ఆపాలని చాలామంది అడుగుతారు. పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియాల నుంచి వచ్చే నీళ్లను సరిహద్దులో ఆపేస్తూ చట్టం చేస్తే అంతర్రాష్ట్ర వాణిజ్యానికి అడ్డుపడకూడదన్న సూత్రం కింద కోర్టులో నిలవడం కష్టం. 2010 చట్టంలో పెట్టిన రుసుము బావి ఉన్న చమురు-గ్యాస్ నియంత్రణ జిల్లా లోపలి ఉప్పునీటికి బ్యారెల్‌కు 5 సెంట్లు, బయటిదానికి 20 సెంట్లు. బ్యారెల్ అంటే 42 గ్యాలన్లు, దాదాపు 159 లీటర్లు. 159 లీటర్లకు 20 సెంట్లు. రుసుము మార్చే బిల్లు వస్తే ఆ డబ్బు ఎటు పోతోందో చూడండి. రోడ్లు పాడయ్యేదీ, భయం మోసేదీ మీ కౌంటీ.

మీ టౌన్‌షిప్ ట్రస్టీల, అంటే ఊరి పాలకవర్గం, దగ్గరకు వెళ్లి "మన ఊళ్లో వద్దని తీర్మానం చేయండి" అని అడిగేవాళ్లు చాలామంది. తీర్మానం చేయొచ్చు, అది మాటగానే మిగులుతుంది. 2004 చట్టం చమురు, గ్యాస్ బావుల అధికారమంతా రాష్ట్ర శాఖకే ఇచ్చింది. మన్రో ఫాల్స్ అనే ఊరు తన సొంత నిబంధనలు అమలు చేయబోతే 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఊరికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అందుకే మీ గొంతు వినిపించాల్సిన చోటు రాష్ట్ర రాజధాని కొలంబస్. స్థానిక సంస్థలకు నోటీసు, అభ్యంతరం చెప్పే హక్కు ఇచ్చే బిల్లు చిన్నదిగా కనిపించినా నాకు దాని మీద ఎక్కువ గౌరవం.

హేచరీల దగ్గరకు వద్దాం. మీ పక్కింటాయన రెండింటినీ కలిపి చెప్పడం వల్ల ఇది ఏదో బావుల పక్కన తోక అనిపించి ఉంటుంది. కానీ రెండింటినీ కలిపే ఊరు ఒకటి ఒహాయోలో ఉంది. బెల్‌వ్యూ. ఈరీ సరస్సుకు దక్షిణంగా, సున్నపురాతి నేల మీద. నేలలో గుంటలు, వాటి కింద గుహల్లాంటి దారులు. ఊళ్లో మురుగు కాలువలు లేవు, దశాబ్దాల పాటు జనం మురుగునూ వాననీటినీ ఆ గుంటల్లోకి, వాటి కోసమే తవ్విన బావుల్లోకి వదిలారు. నీళ్లు మాయమయ్యేవి, ఎవరికీ ఇబ్బంది లేదు. 1960లలో కొలిచి చూస్తే భూగర్భ జలం సుమారు 5 మైళ్ల వెడల్పున, 15 మైళ్ల పొడవున, ఊరి నుంచి ఉత్తరంగా సరస్సు వైపు చెడిపోయి ఉంది. 1971 నాటికి గానీ ఊరికి సరైన మురుగు వ్యవస్థ రాలేదు. సున్నపురాతిలో నీళ్లు ఇసుకలో వడగట్టినట్టు పోవు, పగుళ్లలో వాగులా పోతాయి.

ఆ ఉత్తరపు దారిలోనే క్యాస్టేలియా ఊటలున్నాయి. రాష్ట్రం 1997లో కొన్న క్యాస్టేలియా హేచరీ ఆ నీళ్ల మీదే నడుస్తుంది. ఏడాది పొడవునా దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ చల్లటి నీళ్లు, ట్రౌట్ అనే చేపకు ప్రాణం. భూమి లోపలి నుంచి వచ్చేటప్పుడు వాటిలో ఆక్సిజన్ ఉండదు, అంచెలంచెలుగా దూకించి గాలి పట్టించాకే చేపకు పనికొస్తాయి. మిషిగన్ నుంచి తెచ్చిన గుడ్ల నుంచి స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ రకం పిల్లలను ఏడాది పెంచి, ఏటా నాలుగు లక్షలకు పైగా రాకీ, షాగ్రిన్, గ్రాండ్ లాంటి నదుల్లో వదులుతారు. అవి ఈరీ సరస్సుకు పోయి పెద్దవై తిరిగొస్తాయి. క్యాస్టేలియాకు పడమరగా, ఎంతో దూరం లేని వికరీలో ఒకటో తరగతి ప్రమాదకర వ్యర్థాల బావులున్నాయి, దాదాపు 2,800 అడుగుల లోతున ఇసుకరాతిలోకి. వాటి వల్ల ఊటలకు హాని జరిగిందని ఆధారం లేదు. బెల్‌వ్యూలో చెడగొట్టింది లోతు తక్కువ గుంటలు, అదీ ఏ లైసెన్సూ లేకుండా. చట్టసభ ఎప్పుడూ లోతు బావుల మీద గొంతు చించుకుంటుంది. నన్నడిగితే చేపల నీళ్లకు పైపొర గుంటలే ఎక్కువ ముప్పు, అంటే ఐదో తరగతి. ఆ మాటెత్తే బిల్లు నేను అరుదుగా చూశాను.

మీ వైపున్న హేచరీ సెనెకావిల్, గర్న్‌సీ కౌంటీలో, యూటికా గ్యాస్ నేల మధ్యలో. అక్కడ ఎక్కువగా సాగై. ఇది ఆడ వాలై, మగ సాగర్ అనే రెండు చేపలను కలిపి పుట్టించే సంకరం. వసంతంలో తల్లి చేప పొట్ట మెల్లగా పిండి గుడ్లు గిన్నెలోకి తీస్తారు, మగచేప వీర్యం కలిపి ఈకతో తిప్పుతారు, అంటుకోకుండా సన్నని బంకమట్టి నీళ్లు పోస్తారు, తర్వాత కిందినుంచి నీళ్లు ఎగసే గాజు జాడీల్లో పొదిగిస్తారు. కైకలూరు, భీమవరం వైపు హేచరీ చూసినవాళ్లకు జాడీలు కొత్తగా అనిపించవు. తేడా ఏంటంటే అక్కడ సీడ్ అమ్మకానికి, ఇక్కడ గాలం వేసేవాళ్ల సరదాకు. చెరువుల్లో ప్రభుత్వమే చేప పిల్లలు వదలడం తెలంగాణలో చూశాం కదా, ఇక్కడి హేచరీ దానికి కాస్త దగ్గర. సాగై సరస్సుల్లో తనంతట తాను నిలదొక్కుకునే చేప కాదు. ఏటా వదలకపోతే కొన్నేళ్లకు కనిపించదు.

హేచరీ బిల్లులో చూడాల్సింది డబ్బు దారి. రాష్ట్ర హేచరీలు ఎక్కువగా వేట, చేపల లైసెన్సు రుసుముల మీద, 1950 సమాఖ్య చట్టం కింద గాలాలు, వలలు, పడవ ఇంధనం మీద వసూలయ్యే పన్ను వాటా మీద నడుస్తాయి. ఆ వాటా రావాలంటే ఒక షరతు ఉంది: లైసెన్సు డబ్బును రాష్ట్రం ఇంకో పనికి మళ్లించకూడదు. మళ్లిస్తే సమాఖ్య సొమ్ము ఆగిపోతుంది. కాబట్టి "హేచరీలను మెరుగుపరిచే" పేరుతో ఆ నిధిని వేరే ఖాతాలో కలిపే బిల్లు వస్తే, దాని మీద శాసనసభ ఆర్థిక విశ్లేషణ ఏమంటోందో చదివాకే సంబరపడండి.

హేచరీ కూడా నీటిని పాడుచేయగలదు, ఇది చాలామంది మర్చిపోతారు. మేత, పెంట, వాటిలోని ఫాస్ఫరస్. మిషిగన్‌లో ప్లాట్ నది హేచరీ దిగువ సరస్సును పచ్చబరుస్తోందని అక్కడి ఇళ్లవాళ్లు రాష్ట్ర శాఖ మీదే 1986లో కేసు వేశారు, 2000లో రాజీ కుదిరింది: ఏడాదికి 175 పౌండ్లకు మించి ఫాస్ఫరస్ వదలకూడదు. ప్రభుత్వం తన హేచరీని తానే కాచుకోలేదు, ఇళ్లవాళ్లు కోర్టుకెక్కితే కాచుకుంది. ఇంకోటి జబ్బులు. 2006లో ఈరీ సరస్సులో వీహెచ్ఎస్ అనే వైరస్ చేపలను గుట్టలుగా చంపింది. ఆ ఏడాది సమాఖ్య వ్యవసాయ శాఖ గ్రేట్ లేక్స్ రాష్ట్రాల నుంచి బతికున్న చేపల రవాణా మీద ఆంక్షలు పెట్టింది. ప్రైవేటు హేచరీల పరీక్షలు సడలించే బిల్లు వస్తే ఆ ఏడాది గుర్తుంచుకున్నవాళ్లు కమిటీలో ఒక్కరైనా ఉండాలని కోరుకుంటాను.

ఇక కమిటీ ముందు మాట్లాడటం. మాట్లాడొచ్చు. వీసా ఏదని ఎవరూ అడగరు, పౌరసత్వం అక్కర్లేదు. సొంత ఖర్చుతో సొంత మాట చెప్పుకునేవాళ్లు లాబీయిస్టుగా నమోదు కానక్కర్లేదు కూడా. కానీ ఎన్నికల చందాల జోలికి మాత్రం వెళ్లకండి. గ్రీన్ కార్డు లేనివాళ్లు అభ్యర్థులకు చందా ఇవ్వడం సమాఖ్య నేరం, బిల్లు గెలిపించిన సభ్యుడికి కృతజ్ఞతగా అయినా సరే.

పద్ధతి ఇలా ఉంటుంది. బిల్లుకు మొదటి విచారణలో దాన్ని పెట్టిన సభ్యుడు మాట్లాడతాడు, తర్వాత అనుకూలురు, తర్వాత వ్యతిరేకులు. అటూ ఇటూ కానివాళ్లకు "ఆసక్తి గల పక్షం" అనే వర్గం ఉంది. మీలాంటి వాళ్లకు నేను చెప్పేది ఆ వర్గమే, అందులోవాళ్ల మాట రెండు పార్టీలూ వింటాయి. మీ వాంగ్మూలం ముందురోజే కమిటీ అధ్యక్షుడి ఆఫీసుకు ఈమెయిల్ చేయాలి, సాక్షి పత్రం నింపాలి. ఒక్క పేజీ చాలు. జాగా ఎక్కడుంది, బోరు ఎంత లోతు, చుట్టూ శాఖ పటంలో కనిపించే పాత బావులెన్ని, బిల్లులో ఏ వాక్యం ఎలా మారాలి. "పిల్లల భవిష్యత్తు" అనే మాట కమిటీ గదిలో రోజూ పదిసార్లు వినపడుతుంది. ఫలానా పేరాలో "చేయవచ్చు" అన్నచోట "చేయాలి" అని మార్చండి అనే మాట అరుదుగా వినపడుతుంది, అందుకే రాసుకుంటారు.

ఆ ఒక్క క్రియాపదం ఎంత పని చేస్తుందో 2022 డిసెంబర్‌లో చూశాం. కోడిపిల్లలను ఒక్కసారికి కనీసం ఎన్ని అమ్మాలో సవరించే చిన్న బిల్లు ఒకటి ఉండేది, హౌస్ బిల్ 507. సభ కాలం ముగియబోతుండగా దాంట్లో చమురు, గ్యాస్ కోసం ప్రభుత్వ భూముల లీజు వాక్యాలు చేర్చారు. శాఖలు లీజుకు ఇవ్వ"వచ్చు" అన్నది ఇవ్వా"లి" అయింది, సహజ వాయువు "గ్రీన్ ఎనర్జీ" అయింది. 2023 జనవరిలో గవర్నర్ సంతకమూ పడింది. కోళ్ల బిల్లును ఎవరు చదువుతారు? కాబట్టి ఇంజెక్షన్ బావుల బిల్లు కమిటీలో నిద్రపోతోందని ఊరుకోవద్దు. ఆ వాక్యాలు బడ్జెట్‌లోనో, ఇంకో బిల్లులోనో తేలొచ్చు. ఇప్పటి సభ 2026 డిసెంబర్ 31తో ముగుస్తుంది, ఆ నెలే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది.

చట్టమయ్యాక కూడా పని అయిపోదు. దూరాలు, పీడనం హద్దులు, పరీక్షల గడువులు చాలావరకు శాఖ రాసే నిబంధనల్లో ఉంటాయి. వాటిని రెండు సభల నుంచి ఐదుగురు చొప్పున ఉన్న ఉమ్మడి కమిటీ చూస్తుంది. అక్కడి విచారణకు జనం పెద్దగా రారు, కంపెనీల లాయర్లు తప్పకుండా వస్తారు.

మీ బోరు సంగతితో ముగిస్తాను, ఎందుకంటే కొలంబస్‌లో ఏం జరిగినా ఇది ఈ నెలలోనే చేయాలి. దగ్గర్లో కొత్త బావి మొదలుకాకముందే నీళ్లు పరీక్ష చేయించండి. బజార్లో దొరికే కిట్ వద్దు, గుర్తింపు ఉన్న ల్యాబ్ మనిషే వచ్చి నమూనా తీసి, సీసా చేతులు మారిన లెక్క రాసివ్వాలి. లేకపోతే రేపు కోర్టులోనో శాఖ ముందో ఆ కాగితం చెల్లదు. క్లోరైడ్, బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, సోడియం, మీథేన్, మొత్తం కరిగిన లవణాలు అడగండి. బ్రోమైడ్ తప్పనిసరి. ఒహాయోలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల కూడా బోర్లలో క్లోరైడ్ పెరుగుతుంది, కంపెనీ లాయరు మొదట చెప్పేది అదే. రోడ్డు ఉప్పులో బ్రోమైడ్ బహు తక్కువ, చమురు పొరల నీళ్లలో ఎక్కువ. రెండిటి నిష్పత్తి చూస్తే ఎక్కడి ఉప్పో చాలావరకు తెలిసిపోతుంది. ఒక చిక్కుంది: కొన్ని టౌన్‌షిప్‌లు దుమ్ము అణచడానికీ మంచు కరిగించడానికీ చమురు బావుల ఉప్పునీటినే రోడ్ల మీద చల్లుతాయి, చట్టం అనుమతిస్తుంది. మీ రోడ్డు మీద చల్లారా లేదా, ఎప్పుడు చల్లారు అన్నది టౌన్‌షిప్ ఆఫీసులో అడిగి, ఆ తేదీలను నీటి నివేదికతో పాటే దాచండి. అదే ఫైల్లో బోరు తవ్వినవాళ్లు ఇచ్చిన లాగ్, అంటే ఏ లోతులో ఏ పొర తగిలిందో రాసిన కాగితం, కూడా పెట్టండి. లేకపోతే సహజ వనరుల శాఖ వెబ్‌సైట్లో మీ చిరునామాతో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. రెండో పరీక్ష బావి మొదలైన ఆరు నెలలకు చేయించండి, అదే ల్యాబ్‌లో, అదే కుళాయి దగ్గర, ఫిల్టర్‌కు ముందు.